ఈ రూల్ ఏ సంవత్సరంది? హెచ్ఐవీ ఉన్నవాళ్లకి ఊపిరితిత్తుల మార్పిడి కథ

ఇవాళ్టి ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలవుతుంది. పెద్దదేం కాదు, నాలుగు లైన్ల కోడ్.

2019. బీటెక్ అయ్యి ఉద్యోగంలో చేరిన కొత్త. నన్ను ఒక హెల్త్‌కేర్ ప్రాజెక్టులో వేశారు. క్లయింట్ విదేశంలో ఉండే ఒక హాస్పిటల్ గ్రూప్, పేరు అనవసరం. ఊపిరితిత్తుల మార్పిడి, అదే లంగ్ ట్రాన్స్‌ప్లాంట్ కోసం వచ్చే పేషెంట్ల వివరాలు నింపే ఆన్‌లైన్ ఫారం చేయాలి. వయసు, బరువు, బ్లడ్ గ్రూప్, సిగరెట్ అలవాటు, ఇలా బోలెడు ప్రశ్నలు. అందులో ఒకటి: హెచ్ఐవీ ఉందా? అవును లేదా కాదు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఒక్క ముక్క రాసుంది. ‘అవును’ అని టిక్ పెడితే ఫారం అక్కడే ఆపేసి ‘అర్హత లేదు’ అని చూపించాలి. రిజెక్ట్ కోడ్ 7.

పది నిమిషాల్లో రాసేశాను. టెస్ట్ చేశాను, పాసయింది. టీ తాగడానికి వెళ్లిపోయాను.

కొన్ని నెలల తర్వాత నైట్ సపోర్ట్‌లో కూర్చుని లాగ్స్ చూస్తుంటే కోడ్ 7తో మూడు వరుసలు కనిపించాయి. టెస్ట్ డేటా కాదు, నిజం మనుషులు. ఊపిరి అందక ఆ ఫారం దాకా వచ్చిన ముగ్గురు. నిజం చెప్తున్నా, ఆ రాత్రి నాకేమీ అనిపించలేదు. సిస్టమ్ కరెక్ట్‌గా పనిచేస్తోంది అనుకున్నాను.

అనిపించింది కోవిడ్ టైమ్‌లో. అందరం ఊపిరితిత్తుల గురించే మాట్లాడుకుంటున్న రోజులు గుర్తున్నాయి కదా. ట్రాన్స్‌ప్లాంట్ గురించి చదువుతుంటే, గుండె, ఊపిరితిత్తుల మార్పిడి చేసే డాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఇచ్చిన ఒక గైడ్‌లైన్ కళ్లబడింది. హెచ్ఐవీ ఉందని తలుపు మూసెయ్యక్కర్లేదు, వైరస్ పూర్తిగా అదుపులో ఉంటే ఆ పేషెంట్‌ని పరిశీలించొచ్చు అని అందులో ఉంది. తేదీ చూశాను. 2014.

అంటే నేను కోడ్ రాసేనాటికే ఆ మాట వచ్చి ఐదేళ్లు. గైడ్‌లైన్ అంటే చట్టం కాదు, ఏ హాస్పిటల్ పాలసీ ఆ హాస్పిటల్ పెట్టుకోవచ్చు. నా బాధ అది కాదు. ఆ ‘నో’ ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పటిది అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడగని ఆ ప్రశ్నకి జవాబే ఈ ఎపిసోడ్.

రెండు కథలు, ఒకే దశాబ్దం

ముందు ఊపిరితిత్తుల సంగతి. మనిషికి మొదటిసారి ఊపిరితిత్తి మార్చింది 1963 జూన్ 11న. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, జాక్సన్ నగరం. సర్జన్ పేరు జేమ్స్ హార్డీ. ఆ పేషెంట్ బతికింది 18 రోజులు. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ప్రపంచం మొత్తం మీద సుమారు 40 ప్రయత్నాలు జరిగాయి. దాదాపు అన్నీ ఫెయిల్. 1968లో బెల్జియంలో ఫ్రిట్జ్ డెరోమ్ అనే సర్జన్ చేసిన ఒక్క కేసులో మాత్రం పేషెంట్ పది నెలలు బతికాడు. అదే అప్పటి రికార్డ్.

ఎందుకంత కష్టం? రెండు కారణాలు. ఒకటి, కొత్త అవయవాన్ని ఒంట్లోని రక్షణ వ్యవస్థ పరాయిది అనుకుని దాడి చేస్తుంది. దాన్నే రిజెక్షన్ అంటారు. రెండోది, కొత్త ఊపిరితిత్తిని పాత గాలిగొట్టానికి కుడతారు కదా, ఆ కుట్టు మానేది కాదు. రిజెక్షన్ ఆపడానికి స్టెరాయిడ్లు ఎక్కువ ఇస్తే కుట్టు విడిపోయేది. తక్కువ ఇస్తే రిజెక్షన్. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

1983లో కెనడాలోని టొరంటో జనరల్ హాస్పిటల్‌లో జోయెల్ కూపర్ టీమ్ ఈ చిక్కు విప్పింది. సైక్లోస్పోరిన్ అనే కొత్త మందు వాడారు. ఇది ఒక ఫంగస్ నుంచి తీసిన మందు, దీనితో స్టెరాయిడ్ల అవసరం తగ్గింది. దాంతోపాటు పేగుల ముందు దుప్పటిలా కప్పి ఉండే కొవ్వు పొరని పైకి లాగి ఆ కుట్టు చుట్టూ చుట్టారు. రక్తం బాగా అంది కుట్టు మానింది. 58 ఏళ్ల ఆ పేషెంట్ ఆరేళ్లకి పైగా బతికాడు. లంగ్ ట్రాన్స్‌ప్లాంట్ అనేది నిజంగా మొదలైంది అప్పుడే.

ఇప్పుడు రెండో కథ. ఇది కూడా ఊపిరితిత్తుల్లోనే మొదలైంది, చాలామందికి తెలీదు.

1981. అమెరికాలో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీలో శాండ్రా ఫోర్డ్ అనే ఉద్యోగిని ఉండేది. పెంటమిడిన్ అనే అరుదైన మందు ఆ రోజుల్లో సీడీసీ దగ్గరే స్టాక్ ఉండేది, డాక్టర్లు ఫోన్ చేసి అడిగితే పంపేవాళ్లు. అది న్యుమోసిస్టిస్ అనే ఒక రకం న్యుమోనియాకి వాడే మందు. ఆ న్యుమోనియా మామూలు మనుషులకి రాదు. క్యాన్సర్ మందుల మీద ఉన్నవాళ్లకీ, ట్రాన్స్‌ప్లాంట్ అయ్యి ఇమ్యూనిటీ తగ్గించుకున్నవాళ్లకీ వస్తుంది. అలాంటిది, ఏ కారణమూ కనిపించని యువకుల కోసం వరసగా మందు అడుగుతున్నారు. ఆమెకి అనుమానం వచ్చి పైవాళ్లకి చెప్పింది. 1981 జూన్ 5న సీడీసీ వారపత్రికలో ఒక చిన్న రిపోర్ట్ వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులు, ఐదుగురికీ ఆ న్యుమోనియానే. రిపోర్ట్ అచ్చయ్యేసరికే ఇద్దరు చనిపోయారు. ఎయిడ్స్ గురించి ప్రపంచం చదివిన మొదటి కాగితం అదే.

1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాంస్వాజ్ బార్రె సినూసీ, లూక్ మోంటాన్యే టీమ్ ఆ వైరస్‌ని పట్టుకున్నారు. చూడండి, టొరంటోలో ఊపిరితిత్తి మార్పిడి గెలిచిందీ 1983లోనే, పారిస్‌లో హెచ్ఐవీ దొరికిందీ 1983లోనే. ఒకే ఏడాది పుట్టిన రెండు కథలు. కానీ ఆ రెండూ కలవడానికి పాతికేళ్లు పట్టింది.

ఆ ‘నో’ పుట్టిన రోజు

ఇప్పుడు మీరే ఒక డాక్టర్ అనుకోండి. సంవత్సరం 1985. మీ ముందు హెచ్ఐవీ పేషెంట్ ఉన్నాడు, అవయవం పాడైపోయింది. హెచ్ఐవీ చేసేది ఇమ్యూనిటీ కణాల్ని, ముఖ్యంగా సీడీ4 అనే టీ కణాల్ని చంపడం. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత మీరిచ్చే మందులు చేసేదేమో ఆ టీ కణాల్నే తొక్కిపెట్టడం. అసలే ఇమ్యూనిటీ కూలిపోతున్నవాడికి మీ చేత్తో ఇంకాస్త కూల్చే మందు ఇస్తారా? మూలిగే నక్క మీద తాటిపండు పడేసినట్టే కదా. పైగా ఆ ఐదుగురికి వచ్చిన న్యుమోనియా, ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్లకి వచ్చే న్యుమోనియా రెండూ ఒకటే.

పైగా అప్పటికి హెచ్ఐవీకి మందే లేదు. మొదటి మందు ఏజెడ్‌టీ వచ్చింది 1987లో. అది కూడా కొన్నాళ్లకి పనిచేయడం మానేసేది. రెండేళ్లు కూడా బతకడేమో అనే మనిషికి, క్యూలో అంతమంది ఉండగా ఒక ఊపిరితిత్తి ఇవ్వడం న్యాయమా అనే ప్రశ్న కూడా ఉంది.

కాబట్టి ఒక మాట ఒప్పుకుందాం. ఆ రోజున ‘నో’ చెప్పినవాళ్లు దుర్మార్గులు కాదు. చేతిలో ఉన్న సమాచారంతో చెప్పిన ‘నో’ అది.

అయితే అప్పుడే ఒక చిన్న సంకేతం కూడా ఉంది. రక్తంలో హెచ్ఐవీ పట్టే టెస్ట్ వచ్చింది 1985లో. అంతకుముందు జరిగిన ఆపరేషన్లలో తెలియకుండానే హెచ్ఐవీ ఉన్నవాళ్లకి అవయవాలు పెట్టారు, కొందరికి రక్తం ద్వారానో అవయవం ద్వారానో హెచ్ఐవీ అంటింది. పిట్స్‌బర్గ్‌లో థామస్ స్టార్జల్ టీమ్ అలాంటి 25 మందిని వెనక్కి వెళ్లి పరిశీలించి 1990లో రిపోర్ట్ రాసింది. 15 మంది లివర్, ఐదుగురు గుండె, ఐదుగురు కిడ్నీ పేషెంట్లు. అందరూ వెంటనే పోయారు అనుకుంటాం. కానీ సగటున రెండున్నరేళ్లు దాటాక చూస్తే, సగం మంది దాకా బతికే ఉన్నారు. హెచ్ఐవీకి సరైన మందే లేని రోజుల్లో!

ఆ సంకేతాన్ని పట్టించుకునే పరిస్థితి మాత్రం అప్పుడు లేదు. 1988లో అమెరికా ఇంకో అడుగు వేసింది. హెచ్ఐవీ ఉన్న దాత నుంచి అవయవం తీసుకోవడాన్ని చట్టంతోనే నిషేధించింది. భయంలోంచి పుట్టిన రూల్ చట్టంలోకి ఎక్కింది.

పిల్లి, గంప, తద్దినం

మా నాయనమ్మ చెప్పే కథొకటి మీలో చాలామంది వినే ఉంటారు. ఒక ఇంట్లో తద్దినం పెడుతుంటే పిల్లి అడ్డొచ్చి గిన్నెల్లో మూతి పెట్టేది. దాన్ని పట్టుకుని గంప కింద మూశారు. ఏటా అదే. పెద్దాయన పోయాడు, ఆ పిల్లీ పోయింది. కొడుకు తద్దినం పెట్టే రోజున పనులన్నీ ఆపి ఊరంతా తిరుగుతున్నాడు. ఏంట్రా అంటే, గంప కింద మూయడానికి పిల్లి దొరకట్లేదు అన్నాడట.

హెచ్ఐవీ విషయంలో పిల్లి పోయిన సంవత్సరం 1996. ఆ జులైలో కెనడాలో వాంకోవర్‌లో జరిగిన ఎయిడ్స్ సదస్సులో డాక్టర్లు చెప్పింది ఏంటంటే, ఒక్క మందు కాకుండా మూడు మందులు కలిపి ఇస్తే వైరస్ రక్తంలో టెస్ట్‌కి కూడా దొరకనంత తగ్గిపోతోంది అని. సీడీ4 కణాలు మళ్లీ పెరుగుతున్నాయి. ఒక్క ఏడాదిలో, 1996 నుంచి 1997కి, అమెరికాలో హెచ్ఐవీ మరణాల రేటు దాదాపు సగానికి పడిపోయింది. చావుకి సిద్ధమైనవాళ్లు లేచి ఉద్యోగాలకి వెళ్లారు.

బతుకుతున్నారు అంటే వయసు పెరుగుతుంది. అప్పుడు కిడ్నీలు పాడవుతాయి, లివర్ పాడవుతుంది, ఊపిరితిత్తులూ పాడవుతాయి. పాత న్యుమోనియాలు, టీబీ మిగిల్చిన మచ్చలు కొందరికి ఉంటాయి. సీఓపీడీ, ఊపిరితిత్తుల్లో రక్తపోటు లాంటి జబ్బులు కూడా హెచ్ఐవీ ఉన్నవాళ్లలో ఎక్కువ. అంటే వైరస్ చంపనివాళ్లు ఇప్పుడు ఊపిరి అందక ట్రాన్స్‌ప్లాంట్ తలుపు దగ్గరికి వస్తున్నారు.

తలుపు మీద బోర్డు మాత్రం మారలేదు. ఇందాక చెప్పిన అంతర్జాతీయ సంఘం 2006లో గైడ్‌లైన్ అప్‌డేట్ చేసింది. అందులో కూడా హెచ్ఐవీ ‘అసలు చేయకూడదు’ అనే లిస్టులోనే ఉంది. వాంకోవర్ సదస్సు జరిగి పదేళ్లయ్యాక! పిల్లి లేదు, గంప మాత్రం ఉంది.

మందులు మందులతో గొడవపడ్డ కథ

అలాగని ఆ పదేళ్లు అందరూ ఖాళీగా కూర్చోలేదు. కిడ్నీ, లివర్ డాక్టర్లు ముందు దిగారు. కిడ్నీ విషయంలో ఒక ధైర్యం ఉంది, ఫెయిలైతే డయాలసిస్ ఉంటుంది. ఊపిరితిత్తికి అలా నెట్టుకొచ్చే దారి దాదాపు లేదు.

శాన్ ఫ్రాన్సిస్కోలో పీటర్ స్టాక్ ఆధ్వర్యంలో అమెరికాలో చాలా హాస్పిటళ్లు కలిసి 150 మంది హెచ్ఐవీ పేషెంట్లకి కిడ్నీలు మార్చి ఫలితాలు 2010లో ప్రకటించాయి. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 94.6 శాతం. మూడేళ్లకి 88.2 శాతం. అంటే ఇమ్యూనిటీ కూలిపోయి చచ్చిపోతారు అనే పాత భయం తప్పని తేలిపోయింది.

కానీ ఎవరూ ఊహించని ట్విస్ట్ ఒకటి వచ్చింది. హెచ్ఐవీ ఉంటే ఇమ్యూనిటీ తక్కువ కాబట్టి రిజెక్షన్ కూడా తక్కువే ఉంటుందని అనుకున్నారు. రివర్స్ అయింది. మొదటి ఏడాదే 31 శాతం మందిలో రిజెక్షన్ వచ్చింది. మామూలు పేషెంట్లతో పోలిస్తే రెండు మూడు రెట్లు.

ఎందుకు? ఇక్కడ మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా అర్థమయ్యే విషయం ఉంది. రెండు ప్రోగ్రాములు ఒకే సర్వర్ మీద నడుస్తూ ఒకదాన్నొకటి పాడుచేయడం చూశాం కదా. రిజెక్షన్ ఆపడానికి ఇచ్చే ముఖ్యమైన మందు టాక్రోలిమస్. దాన్ని లివర్‌లో ఒక ఎంజైమ్ విరగ్గొట్టి బయటికి పంపుతుంది. అప్పటి హెచ్ఐవీ మందుల్లో రిటోనవిర్ లాంటివి సరిగ్గా ఆ ఎంజైమ్‌నే ఆపేస్తాయి. ఫలితంగా రోజుకి రెండుసార్లు వేసుకోవాల్సిన టాక్రోలిమస్, వారానికి ఒక్కసారి వేసినా ఎక్కువైపోయేది. ఇంకో రకం హెచ్ఐవీ మందులు ఆ ఎంజైమ్‌ని ఇంకా ఉరికిస్తాయి, అప్పుడు డోసు చాలదు. ఎక్కువైతే కిడ్నీకి విషం, తక్కువైతే రిజెక్షన్. డాక్టర్లు డోసు పట్టుకోలేక సతమతమయ్యారు. రిజెక్షన్ పెరగడానికి ఇదొక్కటే కారణం కాదు, కానీ పెద్ద కారణం.

దీనికి పరిష్కారం 2007 తర్వాత వచ్చింది. రాల్టెగ్రవిర్, 2013లో డోలుటెగ్రవిర్. ఈ కొత్త రకం హెచ్ఐవీ మందులు ఆ ఎంజైమ్ జోలికి పెద్దగా పోవు. రెండు ప్రోగ్రాములూ గొడవ లేకుండా నడిచాయి.

ఇక్కడ మన హైదరాబాద్ వస్తుంది, గర్వంగానే చెప్తున్నా. డోలుటెగ్రవిర్ కనిపెట్టింది మనం కాదు. కానీ 2017లో దాంతో కలిపి చేసిన మూడు మందుల ఒక్క బిళ్లని, పేద, మధ్యాదాయ దేశాలకి మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇస్తామని ఒప్పందం కుదిరింది. అందులో ఉన్న కంపెనీలు రెండు. అరబిందో ఫార్మా, మైలాన్ లేబొరేటరీస్. రెండింటి ఆఫీసులూ హైదరాబాద్‌లోనే. ట్రాన్స్‌ప్లాంట్ మందులతో గొడవపడని హెచ్ఐవీ మందు ఆఫ్రికాలో మామూలు మనిషి చేతికి అందిందంటే, మన ఊరి ఫ్యాక్టరీల చెయ్యి అందులో ఉంది.

కేప్‌టౌన్ ఆపరేషన్

ఈలోగా దక్షిణాఫ్రికాలో ఇంకో డాక్టర్ ఇంకో రూల్‌ని ప్రశ్నించింది. కేప్‌టౌన్‌లో గ్రూట్ షూర్ హాస్పిటల్. 1967లో క్రిస్టియాన్ బర్నార్డ్ ప్రపంచంలో మొదటి గుండె మార్పిడి చేసింది అక్కడే. 2008లో అక్కడ ఎల్మీ ముల్లర్ అనే సర్జన్ ఉన్నారు. ఆమె ముందు రెండు లిస్టులు. ఒకటి, కిడ్నీలు పోయిన హెచ్ఐవీ పేషెంట్లు. ప్రభుత్వ హాస్పిటల్‌లో డయాలసిస్ మెషీన్లు చాలవు, వీళ్ల వంతు రాదు, అంటే చావే. రెండోది, బ్రెయిన్ డెడ్ అయిన దాతలు. వాళ్లలో కొందరికి హెచ్ఐవీ ఉందని ఆ కిడ్నీల్ని వాడట్లేదు.

ఆమె ఈ రెండు లిస్టుల్ని కలిపారు. హెచ్ఐవీ ఉన్న దాత కిడ్నీ, హెచ్ఐవీ ఉన్న పేషెంట్‌కి. 2015లో 27 మంది ఫలితాలు ప్రచురించారు. ఏడాదికి బతికున్నవాళ్లు 84 శాతం, ఐదేళ్లకి 74 శాతం. ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా లేదనిపించుకున్నవాళ్లే వీళ్లంతా.

ఈ కబురు అమెరికా దాకా వెళ్లింది. జాన్స్ హాప్కిన్స్‌లో డోరీ సెగెవ్ అనే సర్జన్ టీమ్ 1988 నాటి ఆ నిషేధాన్ని ఎత్తేయమని పట్టుబట్టింది. 2013 నవంబర్ 21న అధ్యక్షుడు ఒబామా హోప్ యాక్ట్ మీద సంతకం చేశారు. పాతికేళ్ల నిషేధం పోయింది, అయితే పరిశోధనగా మాత్రమే చేయాలనే షరతుతో. 2016 మార్చిలో హాప్కిన్స్‌లో అలాంటి మొదటి కిడ్నీ, లివర్ మార్పిడులు జరిగాయి. 2024 నవంబర్‌లో కిడ్నీ, లివర్ విషయంలో ఆ పరిశోధన షరతు కూడా తీసేశారు.

గమనించారా? కిడ్నీ, లివర్. ఊపిరితిత్తి మాత్రం ఇంకా పరిశోధన షరతు కిందే ఉంచారు.

ఊపిరితిత్తికే ఎందుకు ఆలస్యం?

ఇది వివక్షేనా? నేనూ మొదట అలాగే అనుకున్నాను. కొంత నిజమే, కానీ మొత్తం కాదు.

ఊపిరితిత్తి మిగతా అవయవాల్లాంటిది కాదు. కిడ్నీ ఒంటి లోపల భద్రంగా ఉంటుంది. ఊపిరితిత్తి ప్రతి శ్వాసతో బయటి గాలిని ముట్టుకుంటుంది. దుమ్ము, బూజు, వైరస్, టీబీ అన్నీ నేరుగా లోపలికి. అందుకే దీనికి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ, రిజెక్షన్ ఎక్కువ, కాబట్టి మందుల డోసూ ఎక్కువే. హెచ్ఐవీ లేనివాళ్లలో కూడా లంగ్ ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లలో సగం మందే ఆరేడేళ్లు దాటుతారు. కిడ్నీ దానికంటే చాలా ఎక్కువ కాలం వస్తుంది. బయటికి తీసిన కిడ్నీని ఒక రోజు దాకా ఉంచొచ్చు, ఊపిరితిత్తిని మామూలు ఐస్ పద్ధతిలో కొద్ది గంటల్లోనే పెట్టేయాలి. దాతలందరి ఊపిరితిత్తులూ పనికిరావు కూడా, చాలావరకు వెంటిలేటర్ మీద ఉండగానే పాడైపోతాయి. ఇంత తక్కువ దొరికే, ఇంత సున్నితమైన అవయవం విషయంలో డాక్టర్లు ఆచితూచి అడుగేస్తారు. అర్థం చేసుకోవచ్చు.

అయినా అడుగేసినవాళ్లున్నారు. ఇటలీలో సిసిలీ దీవి, పలెర్మో నగరం. అక్కడి ఇస్మెట్ ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్ పిట్స్‌బర్గ్ వాళ్ల భాగస్వామ్యంతో నడుస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బుతో ఊపిరితిత్తులు పోయిన ఒక పేషెంట్. పైగా హెచ్ఐవీ, దానికి తోడు హెపటైటిస్ బి. పాత లెక్క ప్రకారం తలుపులు మూసుకున్న మనిషి. ఆ టీమ్ ఊపిరితిత్తులు మార్చింది. విజయవంతమైందని 2009లో వైద్య పత్రికలో రాశారు. హెచ్ఐవీ ఉన్నవాళ్లకి లంగ్ ట్రాన్స్‌ప్లాంట్ సాధ్యమే అని వివరంగా రికార్డయిన తొలి కేసుల్లో అదొకటి.

2014లో అమెరికా నుంచి ఇంకో రిపోర్ట్. ఈసారి ముగ్గురు పేషెంట్లు. జాగ్రత్తగా ఎంచుకుంటే చేయొచ్చు అని దాని సారాంశం. సరిగ్గా ఆ రోజుల్లోనే అంతర్జాతీయ గైడ్‌లైన్ మారింది. ‘అసలు చేయకూడదు’ అనే లిస్టులోంచి హెచ్ఐవీ బయటికొచ్చింది. షరతులున్నాయి: వైరస్ రక్తంలో కనిపించని స్థాయిలో ఉండాలి, మందులు క్రమం తప్పకుండా వేసుకుంటూ ఉండాలి, ఎయిడ్స్ దశ జబ్బులు అప్పటికి ఉండకూడదు, ఆ హాస్పిటల్‌కి హెచ్ఐవీ వైద్యంలో అనుభవం ఉండాలి.

ఈ షరతుల్ని నా నాలుగు లైన్ల కోడ్‌తో పోల్చి చూడండి. నేను అడిగింది ‘హెచ్ఐవీ ఉందా, లేదా’. అడగాల్సింది ‘వైరల్ లోడ్ ఎంత? సీడీ4 ఎంత? ఏ మందులు వాడుతున్నారు?’ మొదటిది మనిషికి వేసే ముద్ర. రెండోది వైద్యం.

మన దగ్గర

మన దేశంలో హెచ్ఐవీని మొదట గుర్తించింది 1986లో మద్రాసులో, డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల. ఆ తర్వాత దేశంలో కేసులు ఎక్కువున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన ఊళ్లలో ఆ రోజుల్లో ఎలా ఉండేదో పెద్దవాళ్లని అడగండి. జబ్బు కంటే ముందు పరువు పోయేది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ మందులు వేసుకుంటూ ఇవాళ మామూలుగా ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు, పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. మనకి తెలీదు, అంతే. తెలియాల్సిన అవసరం కూడా లేదు.

2017లో పార్లమెంట్ హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం చేసింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. హెచ్ఐవీ ఉందనే కారణంతో వైద్యం నిరాకరించడం, ఉద్యోగం తీసేయడం, స్కూల్లో చేర్చుకోకపోవడం చట్టరీత్యా తప్పు. దీనర్థం అడిగిన ప్రతివాళ్లకీ ట్రాన్స్‌ప్లాంట్ చేయాలని కాదు. వైద్య కారణం వేరు, వివక్ష వేరు. కానీ ‘కుదరదు’ అని చెప్పేవాళ్లు ఆ వైద్య కారణం ఏంటో చెప్పాలి కదా.

అందుకే ఈ ఎపిసోడ్ నుంచి మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోండి. మీకో, మీవాళ్లకో ఎక్కడైనా ‘మా రూల్ ఒప్పుకోదు’ అన్నారనుకోండి. గొడవ పడక్కర్లేదు. మర్యాదగా ఒక ప్రశ్న అడగండి. “సార్, ఈ రూల్ ఏ సంవత్సరంది? దీని వెనక కారణం ఇంకా ఉందా?” ఎల్మీ ముల్లర్ చేసింది, పలెర్మో డాక్టర్లు చేసింది ఒకరకంగా ఈ ప్రశ్న అడగడమే.

ఇక నా సంగతి. ఆ కంపెనీ వదిలేసి చాలా రోజులైంది. గైడ్‌లైన్ చదివిన రోజు రాత్రే మా పాత టీమ్ లీడ్‌కి మెసేజ్ పెట్టాను. “అన్నా, ఆ లంగ్ ఫారంలో కోడ్ 7 గుర్తుందా? అది తప్పు అన్నా. ఎప్పటిదో పాత రూల్.” ఆయన రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేశాడు. “మనం రాసింది వాళ్లు ఇచ్చిందే కదరా, మన తప్పేముంది?” అన్నాడు. నేనేం మాట్లాడలేదు. కాసేపాగి ఆయనే అన్నాడు, “సరే, ఆ లింక్ పంపు. క్లయింట్ వాళ్లకి ఫార్వర్డ్ చేస్తా. ఒకసారి చూడమందాం.” పంపాను.

ఆ మూడు వరుసల వెనక ఉన్న ముగ్గురి పేర్లు నాకు కనిపించలేదు, ఆ కాలమ్ మాస్క్ చేసి ఉంటుంది. వయసులు మాత్రం కనిపించాయి. 34, 41, 52. ఆ రాత్రి నేను చదవకుండా స్క్రోల్ చేసి పోయిన నంబర్లు. ఇప్పుడు మాత్రం బాగా గుర్తున్నాయి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.